నీలాన్ని పట్టుకున్న బొగ్గు

విరుదునగర్
22 నవంబరు 1998

వదినెకు,

బస్సులో పంపిన మూట చేరింది. కండక్టరు దించి ఇస్తూ, "టీచరమ్మా, ఈ కాలంలో కోవిల్‌పట్టి నుంచి అందరూ శెనక్కాయల కడలై మిఠాయి తెప్పించుకుంటారు, మీరు బొగ్గు తెప్పించుకుంటారా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచక అవునన్నాను.

ఈ రోజు కాలేజీ ల్యాబులో నీ శెనక్కాయ పొట్టు బొగ్గును నూరి, జల్లించి, నీలి రంగు కలిపిన నీళ్ళలో వేసి కుదిపాను. వడకట్టాక గాజు కుప్పెలోకి దిగిన నీళ్ళు చూసి ముందు నా కళ్ళజోడు తుడుచుకున్నాను. తర్వాత కుప్పె మార్చి చేశాను. రంగును కొలిచే యంత్రం చెడిందేమోనని దాన్నీ పరీక్షించాను. యంత్రం బాగానే ఉంది. నీలం నీళ్ళలో లేదు. నీ బొగ్గు పట్టేసింది.

సంతోషించడానికి నాకెప్పుడూ ఒక రోజు ఆలస్యమవుతుంది. అందుకే రేపు సంతోషిస్తాను.

అన్నకు చెప్పడానికి నీకు పనికొస్తుందని రాస్తున్నాను, ఇదంతా దేనికంటే: నూలుకు రంగులు వేసే చిన్న వ్యాపారులు పారబోసే నీళ్ళు వాగుల్లోకి పోతున్నాయి. బజారులో దొరికే బొగ్గుపొడితో ఆ రంగు తీయొచ్చు, కానీ దాని ఖరీదు వాళ్ళకి అందేది కాదు. మీ శెనక్కాయ మిల్లులో పారేసే పొట్టుతో ఆ పని జరుగుతుందని చూపించాలి. ఇప్పటి వానకాలం పొట్టుతో ఒక వరస ప్రయోగాలు, ఎండకాలం పొట్టుతో ఒక వరస. రెండూ ఒకే మాట చెప్తే నా పీహెచ్‌డీ నిలుస్తుంది. వచ్చే సెప్టెంబరుతో నా గడువు అయిపోతుంది. ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. నలభై మూడేళ్ళ వయసులో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

డ్రమ్ములో కాల్చిన బొగ్గు ఆర్పడానికి, కడగడానికి నీళ్ళు చాలా పడతాయి కదా. మీకు ఇబ్బంది అయితే మొహమాటపడకుండా చెప్పు. ఇక్కడే ఏదో ఒకటి చేసుకుంటాను.

నీ
దేవిప్రియ


కోవిల్‌పట్టి
9 డిసెంబరు 1998

అమ్మణ్ణీ దేవీ,

నీ జాబు వచ్చె. పోస్టుమాను పాలసామి కవరు తిప్పి తిప్పి చూసి, "ఏమక్కా, అడ్రసు మాత్రం తమిళం, లోపల అంతా జిలేబీ పిండినట్టు ఉండాదే" అనె. నా కవరు ఎందుకు విప్పితివిరా అంటే, అంటించలేదక్కా అనె. ఇంకమీద బాగా అంటించు. మన ఇండ్లల్లో అందరూ ఈ తెలుగు బాస మాట్లాడతారు, రాసేది ఎవురికి తెలుసు? నువ్వు తిరుపతిలో చదివేటప్పుడు ఈ అక్షరాలు మోసుకొచ్చి నాకు కూడా అంటిస్తివి. అదీ మంచిదే. మిల్లులో ఫోను ఉండాదని పేరు, ఆడ నిలబడి మాట్లాడితే మీ అన్నతో బాటు శెనక్కాయ మూటలు కూడా వింటాయి.

నీళ్ళకి ఏమి కరువు? వాన పడతా ఉండాది, తొట్టి నిండి పోతా ఉండాది. నువ్వు అది ఆలోచన చేయొద్దు.

మీ అన్న అంటాడు, "నా చెల్లెలు అంత చదువు చదివి చివరికి ఇంటి ఆడదాన్ని బొగ్గు కాల్చేదాన్ని చేసె" అని. అంటాడే కానీ పొట్టులో మంచి పొట్టు నాకోసం ఏరి పక్కన పెట్టిస్తాడు.

నాకు ఒక సంగతి అర్తం కాలే. బొగ్గు రంగును పీల్చె అంటావు. పీలిస్తే ఉబ్బాల కదా? ఇడ్లీని సాంబారులో వేస్తే ఉబ్బతాది. నేను ఈడ కొంచెం బొగ్గును నీలిమందు నీళ్ళలో వేసి చూస్తిని. బొగ్గు ఎట్లుండేది అట్లే ఉండాది. నీళ్ళు మాత్రం తెల్లబడె. నీలం యాడికి పాయ?

వదినె
మునీశ్వరి


విరుదునగర్
3 జనవరి 1999

వదినెకు,

నీ ప్రశ్న మా ఎం.ఎస్సీ. పిల్లలు అడగరు. నిర్వచనం రాసుకుని బెల్లు కొట్టగానే వెళ్ళిపోతారు.

ఇడ్లీ సాంబారును లోపలికి తీసుకుంటుంది. ఎక్కడ తుంచినా తడి ఉంటుంది. బొగ్గు చేసేది అది కాదు. మొహానికి పసుపు పూసుకుంటే పసుపు చర్మం మీదే ఉంటుంది కదా, అట్లా. లోపల కలిసిపోవడం లేదు. పైన పట్టుకోవడం. పుస్తకాల్లో దీన్ని అధిశోషణం అంటారు. ఆ పేరు వదిలెయ్యి, నాకే నోరు తిరగదు.

ఎందుకు పట్టుకుంటుందంటే, బొగ్గు లోపలున్న పరమాణువుకి అన్ని పక్కలా తనవాళ్ళే. లాగేవాళ్ళు, లాగించుకునేవాళ్ళు సరిపోయారు. పై అంచులో ఉన్నదానికి ఒక పక్క ఎవరూ లేరు. ఆ పక్క చెయ్యి ఊరికే చాచి ఉంటుంది. ముందునుంచి పోయే రంగు అణువు ఆ చేతికి చిక్కుతుంది. అంతే.

మరి అంత రంగుకు అంత అంచు ఎక్కడిది? నీ పొట్టు కాలేటప్పుడు లోపలి ఆవిరి, పొగ బయటికి పోతూ దారులు చేసుకుంటాయి. కంటికి ఆనని సందులు. ఆ సందుల గోడలన్నీ అంచే. చెంచాడు మంచి బొగ్గు లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే మీ మిల్లు కళ్లం నిండుతుందట. లెక్క నాది కాదు, పుస్తకానిది. నమ్మడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అయితే ఒక్క వరసే. పెళ్ళిలో ఆకులు వేసినట్టు. కూర్చున్నవాడి ఒళ్ళో ఇంకొకడు కూర్చోలేడు. రంగు ఎక్కువ చేస్తూ పోతే బొగ్గు కొంతదాకా పట్టుకుంటూ పోయి ఆగిపోతుంది. గ్రాఫులో పైకి లేచిన గీత అక్కడ పడుకుంటుంది. నా వానకాలం గీతలన్నీ ఒకేచోట పడుకున్నాయి. ఆ గీత చూస్తే నాకు ఎందుకో ధైర్యంగా ఉంటుంది, చదువుకున్న మనిషి అనకూడని మాట అయినా.

మా ఆయన ఈ ఆదివారం ఆలంగుళం నుంచి వచ్చారు. సిమెంటు ఫ్యాక్టరీలో డబుల్ షిఫ్టులట. నీ నీలిమందు ప్రయోగం సంగతి చెప్తే, "గైడుగా ఆమెనే పెట్టుకోవలసింది" అన్నారు.

ఎండకాలం పొట్టు వచ్చాక అదే పద్ధతిలో కాల్చు. ఏదీ మార్చకు.

దేవి


కోవిల్‌పట్టి
11 మే 1999

దేవీ,

ఎండకాలం బొగ్గు రెండు మూటలు ఇదే బస్సులో పంపతా ఉండాను. కత్తిరి ఎండ, ఏడాదిలో మండిపోయే దినాలు, మొదలాయ. మిల్లు రేకు కింద నిలబడితే మనిషే పొట్టు మాదిరి ఒలిచిపోతాడు. మా పక్కింటి సెల్లత్తాయి అగ్గిపెట్టెలు చేసే తీప్పెట్టి ఆపీసులో పని చేస్తాది కదా, ఈ ఎండకి అగ్గిపుల్లలు రుద్దకముందే అంటుకునేట్టు ఉండాయి అంటాది.

నీళ్ళకి పరవాలేదు. జరగతా ఉండాది.

నీ గీత బాగా పడుకోవాల. నాకు జాబు రాయి.

మునీశ్వరి


విరుదునగర్
6 జూన్ 1999

వదినెకు,

పడుకుంది, కానీ నేలమీదే పడుకుంది. లేవలేదు.

ఎండకాలం బొగ్గు, వానకాలం బొగ్గు పట్టుకున్నదానిలో మూడో వంతు కూడా పట్టలేదు. నూరడంలో తప్పేమోనని మళ్ళీ నూరాను. రంగు పాతదేమోనని కొత్త సీసా విప్పాను. రెండు మూటలూ అంతే. కుప్పెలో నీళ్ళు నీలంగా నా వంక చూస్తున్నాయి.

ఇప్పుడు నా భయం ఎండకాలం వరస గురించి కాదు. వానకాలం వరస నిజమేనా అని. ఏదో పొరపాటు వల్ల బాగా వచ్చిందేమో. నేను చూడాలనుకున్నది చూశానేమో. నువ్వు ఏమైనా వేరుగా చేశావా? డ్రమ్ము మార్చావా? పొట్టు వేరే ఊరిదా? ఎంత చిన్నదైనా రాయి.

దేవి


కోవిల్‌పట్టి
15 జూన్ 1999

దేవిప్రియకు,

జాబు చేరె. అంతా ఎప్పటి మాదిరే చేస్తిని. డ్రమ్ము అదే. పొట్టు మన మిల్లుదే. వేరే ఏమీ లేదు. మీ అన్న బాగుండాడు. ఇక్కడ అందరూ క్షేమం.

మునీశ్వరి


విరుదునగర్
8 జూలై 1999

వదినెకు,

నీ పోయిన జాబు నువ్వు రాసినట్టు లేదు. ఎక్కడా ఒక్క వెటకారం లేదు. నా మీద కోపమా? నీతో పని చేయించుకుని, సరిగ్గా రాలేదని దెప్పినట్టు అనిపించిందా? అట్లా అయితే క్షమించు.

మదురై వెళ్ళి గైడ్ సారును కలిశాను. ఆయన కాగితాలు రెండుసార్లు తిప్పి చూశారు. "ఎండకాలం వరస పక్కన పెట్టండమ్మా. వానకాలం వరస ఒక్కటే చాలు. ఏ నెలలో కాల్చారని పరీక్ష చేసేవాళ్ళు అడగరు" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. నా గడువు నాకంటే ఆయనకే ఎక్కువ గుర్తుంటుంది.

బస్సులో వస్తూ అదే చేద్దామనుకున్నాను. నూలుకు రంగులు వేసేవాళ్ళ మొహాలు నాకు తెలియవు కాబట్టి తేలికే అనిపించింది. ఇల్లు చేరేసరికి తేలిక పోయింది. వాళ్ళలో ఒకడు నా పుస్తకం నమ్మి, మే నెలలో పొట్టు కాల్చి, నీలం నీళ్ళ ముందు నిలబడితే? దాచలేను. ఎందుకిట్లా అయిందో చెప్పనూ లేను. రెండూ చేతకానిదానికి డాక్టరు పట్టా ఎందుకు?

వచ్చే సోమవారం పీహెచ్‌డీ వదులుకుంటున్నానని రాసి ఇస్తాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నీకే మొదట.

దేవి


కోవిల్‌పట్టి
10 జూలై 1999

దేవీ,

సోమవారానికి ముందే చేరాలని కండక్టరు చేతికే ఇచ్చి పంపతా ఉండాను. నిలబడి చదవొద్దు, కూర్చో.

నేను నీకు అబద్దం రాస్తిని. చిత్తిరై నెల, ఏప్రిల్లోనే, మా తొట్టి ఎండిపాయ. కొళాయి ఎప్పుడు వస్తాదో ఎవురికీ తెలీదు, బిందెలు వరసలో పెట్టి మనుషులు నీడకి పోయి కూర్చునేది. మీ అన్న చెప్పె, "మనిషికి లేని నీళ్ళు బొగ్గుకా? నిలిపేయమని దేవికి రాసెయ్" అని. నేను రాయలే.

మన ఇండ్లల్లో నీళ్ళు ఒక పనికొచ్చి పోయేవా? బియ్యం కడిగింది ఆవుకి, గిన్నెలు కడిగింది మునగచెట్టుకి. అట్లే ఆవు కుడితి తొట్లో బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి ఉండె. అది ముంచి డ్రమ్ములో పోస్తిని. ఎర్రగా ఉండే బొగ్గు సుర్రుమని ఆరిపాయ. అన్నం మాడిన వాసన వచ్చె. తర్వాత ఒక్క చెంబు నీళ్ళతో పైపైన కడిగి ఎండబెడితిని. ఆర్పేదానికి ఏ నీళ్ళయితే ఏమి, అనుకుంటిని. రెండు మూటలూ అట్లే. ఆవు మాత్రం రెండు రోజులు నా పక్క తిరగలే.

నువ్వు అడిగితివే, అప్పుడే నాకు గుబులు పట్టె. చెప్పితే నీళ్ళు లేవని తెలిసి నువ్వు పొట్టు అడిగేది నిలిపేస్తావు. నాకు జాబులు రాసేది ఎవురు చెప్పు? నేను ఏడో క్లాసుతో నిలిచినదాన్ని. నువ్వు బొగ్గు సంగతి రాస్తా ఉంటే నేను కూడా ఏదో చదవతా ఉండినట్టు ఉండె. అది పోగొట్టుకునేదానికి మనసు రాలే.

దీనివల్లనేనా పాడైంది? ఎట్లయినా సరే, సోమవారం ఏమీ రాసియ్యొద్దు.

మునీశ్వరి


విరుదునగర్
19 జూలై 1999

వదినెకు,

కూర్చునే చదివాను. చదివాక నీ మీద కోపం వచ్చిందేమోనని వెతికాను. కనబడలేదు. ల్యాబు తాళంచెవులు కనబడ్డాయి.

ఎండకాలం బొగ్గును నీళ్ళలో కాచి, వడకట్టి, ఆ నీళ్ళు చల్లారాక అయోడిన్ చుక్క వేశాను. గంజి ఉన్నచోట అయోడిన్ నల్లని నీలంగా తిరుగుతుంది. తిరిగింది. వానకాలం బొగ్గు కాచిన నీళ్ళలో తిరగలేదు. నాలుగుసార్లు చేశాను, నా సంగతి తెలుసు కదా.

జరిగింది ఇది. ఎర్రటి బొగ్గు మీద పడగానే కుడితి ఉడికి జిగురయింది. కొంత సందుల నోళ్ళు మూసేసింది. కొంత పోయి ఆ చాచిన చేతుల్లో కూర్చుంది. నేను రంగు పోసేసరికి పంక్తి నిండిపోయి ఉంది. నీ బొగ్గు చెడలేదు వదినే. దానికి ఖాళీ లేదు. ఇన్ని వారాలుగా అది పని చేయలేదని ఏడ్చాను. అది నేను చూడకముందే పని చేసేసింది.

అదే బొగ్గును మూత పెట్టి మళ్ళీ ఎర్రగా కాల్చి చూశాను. వేడికి గంజి కాలి, దారులు తెరుచుకున్నాయి. మొత్తం కాదు. వానకాలం బొగ్గులో ముప్పావు వంతు దాకా వచ్చింది.

"నీళ్ళతో ఆర్పవలెను" అని నా పద్ధతిలో రాసి ఉంది. ఏ నీళ్ళని రాయలేదు. నీళ్ళు లేని ఊళ్ళో ఎవరు చదివినా నువ్వు చేసిందే చేస్తారు. అందుకని పద్ధతే మారుస్తున్నాను. పొట్టు కాలాక డ్రమ్ముకు మూత వేసి, అంచు చుట్టూ తడి రేగడిమట్టి మెత్తి, గాలి చొరకుండా వదిలెయ్యి. దానంతట అదే ఆరాలి. చెంబెడు నీళ్ళు మట్టికి చాలు. కడగడం నేను ఇక్కడ చేసుకుంటాను. గైడ్ సారు టైము లేదంటున్నారు. ఆయన చెప్పేది నిజమే. అయినా ఒక మూట చేసి పంపగలవా?

నీళ్ళ సంగతి ముందే చెప్పి ఉంటే నిజంగానే నిలిపేసేదాన్ని. జాబులు నిలిపేదాన్ని కాదు. అది నీకు తెలియకుండా ఉంచింది నేనే.

దేవి


కోవిల్‌పట్టి
2 ఆగస్టు 1999

దేవీ,

మొదటిసారి నేను ఆత్రపడి మూత తీస్తిని. పైన నల్లగా ఉండె, సరే ఆరె అనుకుంటిని. గాలి తగలగానే భగ్గుమనె. చూస్తా ఉండంగానే అంతా బూడిద. గిన్నెలు తోమేదానికి ఈ ఏడాదంతా చాలు.

రెండోసారి మీ అన్న వచ్చె. "తప్పుకో, మట్టి మెత్తేది ఆడదాని పనా?" అని తానే కూర్చుని పిల్లకాయ మాదిరి మెత్తె. మెత్తి, డ్రమ్ము పక్కన కుర్చీ వేసుకుని కాపలా. నేను అటు పోతే చాలు, "మునీశ్వరీ, చెయ్యి పెట్టొద్దు" అంటాడు. డ్రమ్ము ఒళ్ళు చల్లబడేదాకా మిల్లుకి కూడా పోలే. మూత తీస్తే బొగ్గు గలగలలాడతా, పొట్టు మీది గీతలు కూడా చెదరకుండా ఉండె. దానికి ఒక్క చుక్క తగలలే.

మూట ఇదే బస్సులో. మీ అన్న అడగమనె, ఆయన మెత్తింది బాగుండాదా అని.

మునీశ్వరి


విరుదునగర్
21 సెప్టెంబరు 1999

వదినెకు,

అన్న మెత్తింది బాగుంది. వానకాలం బొగ్గు ఎంత పట్టుకుందో ఇదీ అంతే పట్టుకుంది, ఒక పిసరు ఎక్కువే. గీత పైకి లేచి, అక్కడే పడుకుంది.

థీసిస్‌లో మూడు వరసలూ పెట్టేశాను. బాగా వచ్చింది, రానిది, ఎందుకు రాలేదన్నది. ఒక అధ్యాయం పేరే "ముందే నిండిన ఉపరితలం". గైడ్ సారు ఆ పేజీలు తిప్పుతూ, "మన తప్పు మనమే అచ్చేసుకోవడం అవసరమా అమ్మా?" అన్నారు. "ఇది లేకపోతే మిగతాది నేను నమ్మలేను సార్" అన్నాను. నేనేనా అన్నది అని నాకే అనుమానం వచ్చింది. ఆయన పెన్ను తీసి సంతకం చేశారు. గడువులోపలే ఇచ్చేశాను.

మౌఖిక పరీక్ష అందరి ముందు జరుగుతుంది. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. తేదీ తెలియగానే రాస్తాను.

దేవి


కోవిల్‌పట్టి
14 మార్చి 2000

డాక్టరమ్మా,

పరీక్ష అయిన మర్నాడే రాద్దామనుకుంటిని, ఊరంతా వచ్చి అడిగి అడిగి నన్ను రాయనీలే. మీ అన్న మిల్లుకి వచ్చేవాళ్ళకి అధిశోషణం చెప్తా ఉండాడు. అంతా తప్పు తప్పుగా చెప్తాడు. నేను దిద్దతా ఉండాను.

ఆ మదురై హాలులో వెనక బెంచీలో నేను కూర్చుంటే పక్కన ఉండే పిల్ల "మీరు ఏ డిపార్టుమెంటు మేడం?" అని అడిగె. బొగ్గు డిపార్టుమెంటు అంటిని. పరీక్ష చేసేదానికి వచ్చిన ఆ తెల్లజుట్టు ఆయన, "వానకాలం ఫలితం అదృష్టం కాదని ఎట్లా చెప్తారు?" అని అడిగె చూడు, నేను బెంచీ అంచుకి జరిగితిని.  నువ్వు ఎండకాలం గీత చూపించి ఒక్కొక్కటిగా చెప్తివి.  ఆయన చివరికి, నేను ఎక్కువగా నమ్మింది ఈ అధ్యాయమే అనె. అది నాకు అర్తమాయ, ఇంగ్లీషులో చెప్పినా.

కడకి, సభలో ఎవురైనా అడగొచ్చు, తమిళంలో కూడా అడగొచ్చు అనిరి. నేను లేవబోయి కూర్చుంటిని. అంతమంది పెద్దవాళ్ళు. నీకేమైనా కష్టమయితే? ఇప్పుడు అడగతా ఉండాను.

నీలం అంతా బొగ్గు పట్టుకునె. సరే. తర్వాత ఆ బొగ్గును ఆ రంగువాళ్ళు ఏం చేస్తారు? బయట పారేస్తారు. వాన వస్తాది. వాన నీళ్ళకి బొగ్గు ఆ నీలాన్ని వదిలేయదా?

మునీశ్వరి


విరుదునగర్
20 మార్చి 2000

వదినెకు,

తెలియదు.

జాబు చదివి నా థీసిస్ మొదటినుంచి చివరిదాకా తిప్పాను. ఆ సంగతి మీద ఒక్క వాక్యం లేదు. అక్కడ కూర్చున్న పెద్దవాళ్ళెవరూ అడగలేదు. నాకూ తోచలేదు. నువ్వు ఆ హాలులో లేచి అడిగి ఉంటే నేను నీళ్ళు నమిలేదాన్ని. పట్టా ఇచ్చాక అడిగావు కాబట్టి ధైర్యంగా ఒప్పుకుంటున్నాను.

కాలిస్తే రంగు పొగలో పోతుందేమో. పూడిస్తే కొంత వదులుతుంది, ఎంతో నేను కొలవలేదు. అందుకని మొన్న నీలం పట్టిన బొగ్గును మంచినీళ్ళలో వేసి మూత పెట్టి ఉంచాను. ఈ పొద్దున చూస్తే పైన తేరిన నీళ్ళు లేత నీలంగా ఉన్నాయి. చాలా కొంచెం. ఇదివరకైతే ఈ రంగు చూసి కూలబడేదాన్ని. ఇవాళ కిటికీ దగ్గర పెట్టుకుని, ఎంత వదిలిందో కొలిచే దాకా టీ కూడా తాగలేదు.

ఇటుకలు చేసేవాళ్ళ మట్టిలో ఈ బొగ్గు కలిపి కాలిస్తే, రంగు లోపలే కాలిపోయి ఇటుక అవుతుందా అని ఒక ఆలోచన. తప్పే కావచ్చు. చేసి చూడాలి.

శనివారాలు ల్యాబు ఖాళీ. మిల్లు సంగతి అన్న చూసుకుంటాడు, ఆవును సెల్లత్తాయికి అప్పగించు. పొద్దున బస్సెక్కు, బస్టాండులో నేనుంటాను. తెల్ల కోటు ఒకటి నీ కొలతకి తీసి పెట్టాను, చేతులు కాస్త పొడుగవుతాయేమో. ప్రశ్న నీది. కుప్పె నువ్వే పట్టుకోవాలి.

దేవి